రెండో సంతకం

ఆ స్టీలు క్యారేజీ ఇప్పటికీ మా వంటింటి అటక మీదే ఉంది. మూడు గిన్నెలు, పైన మూత, మూత మీద హిందీలో ‘ఉత్తమ సలహాకు బహుమతి’ అని చెక్కి ఉంటుంది. ఇన్నేళ్ళలో ఒక్కపూట కూడా అందులో అన్నం పెట్టలేదు. పారేద్దామంటే చెయ్యి రాదు, వాడదామంటే మనసొప్పదు. ఒకసారి మా ఆయన ఊరికెళ్తూ అందులో పులిహోర సర్దుకోబోతే నేను వేసిన కేకకి పక్క క్వార్టరావిడ తలుపు తీసి చూసింది. పాపం, ఆయన తప్పేముంది. దాన్ని సంపాదించి తెచ్చింది నేనే.

నేను భిలాయిలో సెక్టర్ 4లోని ఒక బడిలో తెలుగు టీచర్ని. అంటే, ఒకప్పుడు. పుట్టింది, పెరిగింది ఇక్కడి కార్మికుల బస్తీ ఖుర్సీపార్‌లో. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఒక ట్రంకుపెట్టె, ఒక బైబిలు పట్టుకుని ఇక్కడి ఉక్కు ప్లాంటులో పనికి వచ్చి, కోక్ ఓవెన్ల దగ్గర రిటైరయ్యేదాకా మసి మింగాడు. మా వీధిలో ఇటు నాలుగిళ్ళూ అటు నాలుగిళ్ళూ మనవాళ్ళవే. నేను హిందీ నేర్చుకున్నది బడిలో, తెలుగు మాట్లాడ్డం నేర్చుకున్నది వీధిలో, రాయడం నేర్చుకున్నది చర్చిలో. ఆదివారం ఆరాధనకి ముందు పిల్లలందరినీ చాప మీద కూర్చోబెట్టి పలకల మీద దిద్దించేవారు. పెద్దయ్యాక ఆ చాప ముందు నేనే కూర్చున్నాను. ఖుర్సీపార్‌లో ఒక తరం పిల్లలకి ‘అ’ దిద్దించింది నేనని చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు.

మా బడిని ఒక సంస్థ నడిపేది. కమిటీలో అంతా ప్లాంటులో రిటైరైన ఆఫీసర్లే. ఆరు నుంచి ఎనిమిది దాకా మూడో భాషగా సంస్కృతమో తెలుగో తీసుకోవచ్చు. తెలుగుకి ఉన్నది నేనొక్కదాన్నే. మా భిలాయి కొత్త రాష్ట్రంలోకి వచ్చిన ఆ ఏళ్ళలో అందరికీ కొత్త ఊపు వచ్చింది. మా కమిటీకి వచ్చిన ఊపేమిటంటే, కాగితం పంపించారు: వచ్చే ఏడు ఆరో తరగతిలో తెలుగు తీసుకునేవాళ్ళు ఇరవైమంది కాకపోతే తెలుగు ఎత్తేస్తామని. అప్పటికి నా ఆరో తరగతిలో ఉన్నది పద్నాలుగు మంది.

కోపం వచ్చింది. నాకు కోపం రావడం పెద్ద విశేషం కాదు, బడిలో అందరికీ అలవాటే. ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళి గట్టిగానే మాట్లాడాను. ఆయన హిందీవాడు, నిదానస్తుడు. మేడమ్‌జీ, పిల్లల్ని తీసుకురండి, క్లాసు ఉంచుతాను, నాతో పోట్లాడితే పిల్లలు పెరుగుతారా, అన్నాడు. మాట నిజమే. బయటికి వచ్చి తల్లిదండ్రుల వెంటపడ్డాను. చదువుకున్న తండ్రి ఒకాయన, తెలుగు చదివి మావాడు ఏటి చేస్తాడు టీచర్‌గారూ, అని అడిగాడు. మీరు మీ అమ్మతో ఏ భాషలో దెబ్బలాడతారు, అని అడిగాను. ఆయన నవ్వాడు, పిల్లాణ్ణి మాత్రం సంస్కృతంలోనే ఉంచాడు.

అసలు సంగతేమిటంటే పిల్లలకి తెలుగు అర్థమవుతుంది, నోటితో అనరు. ఇంట్లో మామ్మ తెలుగులో అడుగుతుంది, వీళ్ళు హిందీలో జవాబిస్తారు. ఇక రాతంటే హడలు. నా పీరియడ్ వస్తే మొహాలు వేలాడేసుకుని కూర్చునేవారు. అదే కంప్యూటర్ పీరియడ్ అయితే, బూట్లు విప్పి ల్యాబు బయట పెట్టడానికి కూడా ఓపిక లేనట్టు ఒకరి మీద ఒకరు పడేవారు. చల్లటి గది, పదిహేను కంప్యూటర్లు, వాటికి పూలగుడ్డ ముసుగులు. ఎందుకంత సంబరమని అడిగితే తెలిసింది, ఆ రోజుల్లో అందరూ మూగే ఒక నెట్ సైటు ఉండేది. ఫొటో పెట్టుకుంటారు, ఒకరి పేజీలో ఒకరు రాసుకుంటారు, గుంపులు కట్టుకుంటారు. పాఠం అయిపోయిన చివరి పది నిమిషాలు పిల్లలకి అదే లోకం. ఇంటికెళ్ళేదారిలో నెట్ దుకాణాల ముందు నిలబడేదీ దానికోసమే.

ఇదంతా నాకు చెప్పింది మా కంప్యూటర్ టీచరు. ఆ అమ్మాయి గురించి చెప్పాలి. నా చర్చి చాప మీద దిద్దిన పిల్లల్లో ఒకతె. ముందు వరసలో కూర్చుని బలపాలు తినేది. నోట్లో వేలు పెట్టి నేను బలపం ముక్క తీసింది ఎన్నిసార్లో. పెద్దదై కంప్యూటర్ చదివింది, కుమ్హారిలో కోడలైంది. మా బడిలో ఖాళీ ఉందని తెలిసి ప్రిన్సిపాల్ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను, మా పిల్లే అని చెప్పాను. కాంట్రాక్టు ఉద్యోగం. ఏటా ఏప్రిల్ వస్తే మళ్ళీ తీసుకుంటారో లేదోనని ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని ఉండేది. పొద్దున్నే చంటిపిల్లని అత్తగారికి అప్పగించి, కుమ్హారి నుంచి బస్సులో నిలబడి వచ్చేది, చాలాసార్లు ఏమీ తినకుండానే. అందుకని నా క్యారేజీలో రెండో గిన్నె ఆమెది. ఇది నేను దయతో చేసిన పని కాదు. మన పిల్ల, ఆకలితో ఉంటే పెడతాం, అంతే. నన్ను అక్కా అనేది, నాది వాళ్ళమ్మ వయసైనా.

నేను ల్యాబులో కూర్చుని నా గోడు వెళ్ళబోసుకుంటుంటే ఆమే అంది, అక్కా, వాళ్ళు ఎక్కడున్నారో అక్కడికే మనం వెళ్దాం అని. అంటే ఆ సైటులో తెలుగు పిల్లలకి ఒక గుంపు పెడదామని. నాకు మౌసు పట్టుకోవడం కూడా రాదు. మొదటిరోజు దాన్ని అరచేత్తో నొక్కితే చీమని నొక్కుతున్నావా అక్కా అని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. గుంపు పేరు నేనే పెట్టాను: ‘మా ఇంట్లో ఏటంటారు’.

పద్ధతి ఇది. వారానికి ఒక బొమ్మ పెట్టేవాళ్ళం. దీన్ని మీ ఇంట్లో ఏటంటారు, అమ్మనో మామ్మనో అడిగి రాయండి. ఆ కంప్యూటర్లలో తెలుగక్షరాలు కనబడేవి కాదు, వరసగా డబ్బాలు కనబడేవి. అందుకని పిల్లలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవారు. రాగుల బొమ్మ పెడితే ఎనిమిది ఇళ్ళ నుంచి చోళ్ళు అని వచ్చింది. సందు బొమ్మ పెడితే గోర్జి, వాగు బొమ్మ పెడితే గెడ్డ. తెలుగు పుస్తకంలో కనపడని మాటలు తన పేజీలో కనబడేసరికి ఒక పిల్ల వచ్చి, టీచర్, యే సబ్ భీ తెలుగు హై క్యా, అని అడిగింది. ఇదంతా కూడా తెలుగేనా అని. అదే అసలైన తెలుగు, పిల్లా, అన్నాను. మర్నాటినుంచి ఆ పిల్ల ఇంట్లో వాళ్ళ మామ్మని నిద్రపోనివ్వలేదట.

ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే నాకు తృప్తేమిటి. రాత రావాలి కదా. కంప్యూటర్లో తెలుగు లేకపోతే పోయె, బొమ్మలు వేసుకునే పెయింటు ఉంది కదా, అందులో అక్షరాలు నేనే గీస్తానన్నాను. మధ్యాహ్నం అన్నాలయ్యాక ల్యాబు తాళం తీయించి, మౌసుతో అచ్చులు, హల్లులు, గుణింతాలు గీశాను. నా ‘క్ష’ చూస్తే తేలు చచ్చిపడ్డట్టుండేది. ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క పేజీ, పక్కన పిల్లలు పంపిన మాట, దాని బొమ్మ. తర్వాత పవర్‌హౌస్ మార్కెట్లో మైకున్న హెడ్‌ఫోను కొన్నాం. ప్రతి పేజీకీ నా గొంతు రికార్డు చేసి, అన్నీ కలిపి ఒక సీడీకి ఎక్కించింది ఆ అమ్మాయి. నేను మాట చెప్పి, “ఇప్పుడు మీరు అనండి” అని, పిల్లలు అనడానికి సరిపడా ఆగేదాన్ని. లోపల ఐదు అంకెలు లెక్కపెట్టుకునేదాన్ని. అక్కా, అంతసేపు ఖాళీ ఎందుకు, కోసేస్తాను అంటే ఒప్పుకోలేదు. ఆ ఖాళీ పిల్లలది, దాన్ని ముట్టుకోకు అన్నాను.

మామ్మల్ని తీసుకురమ్మన్నాను కూడా. ఒక్క ఆవిడే వచ్చింది. అదంతా తెలుగేనా అని అడిగిన పిల్ల వాళ్ళ మామ్మ. ఖుర్సీపార్ నుంచి మనవరాలి చెయ్యి పట్టుకుని, చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుని వచ్చింది. చర్చిలో నాకు తెలిసినావిడే. ల్యాబు బయట చెప్పులు విడిచి, లోపలికొచ్చి, చల్లదనానికి కొంగు కప్పుకుంది. మైకులో మాట్లాడమంటే చోడి అంబలి ఎలా కాస్తారో చెప్పడం మొదలుపెట్టి, అక్కణ్ణించి వాళ్ళమ్మ దగ్గరికి, పొలంలో అంబలి తాగిన ముంత దగ్గరికి, ముంత పగిలిననాడు తిన్న దెబ్బల దగ్గరికి వెళ్ళిపోయింది. కంప్యూటర్ అమ్మాయి ఆపబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. అంతా అయ్యాక తన గొంతు తనకి వినిపిస్తే ఆవిడ చాలాసేపు స్పీకర్ల వంకే చూసి, “నాను సచ్చిపోయినా ఇది మాటాడతాదా అమ్మా?” అంది. మాట్లాడుతుందన్నాను. పిల్లలు వింటారు, మీ మాట నేర్చుకుంటారు అన్నాను. ఆవిడ నా బుగ్గలు పుణికింది.

ఆ ఏడు అడ్మిషన్ల ముందు ఆరో తరగతికి తెలుగు కావాలని పేర్లిచ్చినవాళ్ళు ముప్పై ఒక్కమంది. పెద్దవాణ్ణి సంస్కృతంలో ఉంచిన ఆ తండ్రి కూడా చిన్నకొడుకుని తెచ్చి తెలుగులో వేశాడు. జాబితా పట్టుకుని ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళి బల్ల మీద పెట్టాను. ఆయన లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. ఆ రోజు నేను ఇంటికి నడుచుకుంటూ వెళ్ళాను, రిక్షా ఎక్కబుద్ధి కాలేదు. గెలిచాననుకున్నాను. ఖుర్సీపార్ పిల్ల గెలిచిందిరా అని నాకు నేనే అనుకున్నాను. అంతగా మళ్ళీ ఎప్పుడూ గర్వపడలేదు, పడే అవసరమూ రాలేదు.

ఇక సంతకం సంగతి. ఈ ఊరివాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ, బయటివాళ్ళకి చెప్పాలి. ప్లాంటులో సజెషన్ అని ఒకటుంది. పనిలో ఏదైనా మెరుగు తోస్తే ఫారం నింపి ఇవ్వాలి, బాగుంటే బహుమతి. సైకిల్ స్టాండు ఎక్కడ పెట్టాలన్న దగ్గర్నుంచి కొలిమి దాకా దేనిమీదైనా రాయచ్చు. ఏడాదికి ఇన్ని ఇవ్వాలని డిపార్టుమెంట్లకి లెక్క ఉండేది గనక మార్చి వచ్చేసరికి అందరూ రాసేవారు. ఒంటరిగా రాయకూడదు, తోటివాడు ఒకడు రెండో సంతకం పెట్టాలి. ఆ రెండో సంతకం ఎవరూ చదివి పెట్టరు. పక్కవాడు అగ్గిపుల్ల అడిగితే ఎందుకని అడుగుతామా. మా నాన్న తన పేరు రాయడం తప్ప హిందీ చదవడం రాకపోయినా, కోక్ ఓవెన్లలో సగం సజెషన్ల మీద ఆయన సంతకం ఉండేది. చదివి పెడతానన్నవాడిని తోటివాళ్ళు తమ మీద నమ్మకం లేనివాడు అనుకుని టీకి కూడా పిలిచేవారు కాదు. మా కమిటీవాళ్ళు ప్లాంటువాళ్ళే గనక ఆ అలవాటు మా బడికీ పట్టుకొచ్చారు.

మార్చి నెల. నా ముందు పరీక్ష పేపర్ల కట్టలు. ఆ అమ్మాయి టీ గ్లాసు, దాంతోపాటు ఒక ఫారం తెచ్చి బల్ల మీద పెట్టింది. ఏటిది అన్నాను. మన సీడీ గురించేనక్కా, సజెషన్ పంపిస్తున్నాను, నీ పేరు కూడా వేశాను అంది. రెండు పేజీలు, హిందీలో. మడతపెట్టి ఇవ్వలేదు, మూసి ఇవ్వలేదు. నా కళ్ళముందే పరిచింది. అది నేను ఒప్పుకోవాలి. నేను చూసింది ఒక్క నా పేరే. నీ పేరు కూడా వేశాను అన్న మాటకే లోపల పొంగిపోయాను. టీ గ్లాసు ఎడమచేత్తో పట్టుకుని కుడిచేత్తో సంతకం పెట్టేశాను. సంతకం పెట్టేముందు ప్రతి అక్షరం చదవాలర్రా అని పిల్లలకి చెప్పే నోరు ఇది.

ఏప్రిల్‌లో మా సంస్థ బడులన్నిటికీ కలిపి సభ. హాల్లో పంకాలు తిరుగుతున్నా చెమటలు. మా బడి సజెషన్‌కే మొదటి బహుమతి వచ్చిందన్నారు. మా ఇద్దరి పేర్లూ పిలిచారు. నేను పట్టుచీర కట్టుకుని వెళ్ళానండీ, అదీ తల్చుకుంటే ఒళ్ళు మండుతుంది. స్టేజీ ఎక్కాం, చెరొక స్టీలు క్యారేజీ ఇచ్చారు, ఫొటో తీశారు. దిగబోతుంటే ఉండమన్నారు, సజెషన్ చదువుతామని. కమిటీ పెద్దాయన మైకు ముందు నిలబడి చదివాడు. పిల్లల ఇళ్ళనుంచి మాటలు సేకరించి, బొమ్మలతో, గొంతుతో సీడీ తయారుచేశారు, నెట్ ద్వారా పిల్లలతో నడిపించారు, సంఖ్య రెట్టింపు దాటింది. చప్పట్లు. తర్వాత ఆదా అన్న కాలమ్ చదివాడు. ఈ పద్ధతి వల్ల తెలుగుకి విడిగా టీచరు అవసరం ఉండదు, కంప్యూటర్ టీచరే తన పీరియడ్‌లో ఈ పాఠాలు నడిపించగలరు. మళ్ళీ చప్పట్లు, ఇంకా గట్టిగా.

నేను క్యారేజీ పట్టుకుని నిలబడే ఉన్నాను. మొదట నాకు అర్థం కాలేదు. వేరేవాళ్ళ సజెషన్ ఏదో చదివాడనుకున్నాను. పక్కకి చూశాను. ఆ అమ్మాయి నేలచూపులు చూస్తోంది. అప్పుడు అర్థమైంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిపోయిందంటారే, అది నాకు జరిగింది, అదీ ఊరందరి ముందు, చప్పట్ల మధ్య.

హాలు వెనక చెప్పులు విడిచిన చోట ఆమెని పట్టుకున్నాను. ఏటే ఇది అన్నాను.

“ఆదా కాలమ్ ఖాళీగా వదిలితే కమిటీ చూడనే చూడదు అక్కా. ఏదో ఒకటి రాయాలి కదా.”

“ఏదో ఒకటంటే నేనేనా నీకు దొరికింది?”

ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. అదే నాకు ఎక్కువ మంట. నిదానంగా చెప్పింది, పాఠం ఒప్పజెప్పినట్టు. నాది పర్మనెంటు ఉద్యోగమట, నన్ను ఇంకో క్లాసుకి మారుస్తారు గాని తీసెయ్యరట. తనని మాత్రం ఈ ఏప్రిల్‌లో తీసేసేవారేనట, ప్రిన్సిపాల్ ముందే చెప్పాడట. తన పీరియడ్‌కి ఇంకో పని ఉందని చూపిస్తే తప్ప నిలవలేనని తెలిసిందట. ఇదంతా నాకు ముందే చెప్పచ్చు కదే అన్నాను. చెబితే నువ్వు ఒప్పుకునేదానివా అంది. ఒప్పుకోను. అది ఆమెకి తెలుసు, నాకూ తెలుసు.

“నీ ముందరే పెట్టేను అక్కా. దాచలేదు. నువ్వే చదవలేదు.”

నా చెయ్యి లేచింది. దేవుడి దయ, మళ్ళీ దిగింది. బలపం ముక్కలు తీసిన నోరది. ఏకు మేకైందంటే ఇదే కాబోలు అనుకున్నాను. ఎన్నెన్నో అనాలనుంది, తీరా నోటికొచ్చిన మాట ఒక్కటే: రేపట్నుంచి నీ తిండి నువ్వే తెచ్చుకో. ఎంత చిన్నమాట. అంత కోపంలో అంత చిన్నమాట ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. ఆమె సరే అక్కా అంది. చెప్పులేసుకుని వెళ్ళిపోయింది, బస్సు వేళయిందని.

నేను ఊరుకున్నానా, ఊరుకోలేదు. మర్నాడే కమిటీకి ఉత్తరం రాశాను, నా సంతకం వెనక్కి తీసుకుంటున్నానని. పెద్దాయన పిలిపించాడు. ఫారం తీసి నా ముందు పెట్టి, సంతకం మీదే కదా మేడమ్ అని అడిగాడు. నాదే, కానీ చదవలేదు అన్నాను. ఆయన నవ్వలేదు, నవ్వినా బాగుండేది. భాష నేర్పే టీచరు చదవకుండా సంతకం పెట్టారని రాసుకోమంటారా, అన్నాడు. రాసుకోండి అని లేచి వచ్చేశాను. ఏమీ రాసుకోలేదనుకుంటాను. జూన్‌లో నన్ను మూడో తరగతి హిందీకి మార్చారు.

మనం కొన్నాళ్ళు అన్నిటినీ శత్రువుల్లా చూస్తాం. ఆ ల్యాబు ముందునుంచి నడవాల్సొస్తే నేను చుట్టూ తిరిగి వాటర్ ట్యాంకు పక్కనుంచి వెళ్ళేదాన్ని. ఒకరోజు వాన, చుట్టూ తిరగడానికి లేదు. ల్యాబు కిటికీ పక్కన నిలబడ్డాను. అది తెలుగు పీరియడ్. లోపల స్పీకర్లలోంచి నా గొంతు వినిపించింది. చోళ్ళు. ఇప్పుడు మీరు అనండి. తర్వాత నేను దెబ్బలాడి ఉంచుకున్న ఆ ఖాళీ. ఐదు అంకెలు. ఆ ఐదు అంకెల్లో పిల్లలు హిందీలో కబుర్లు చెప్పుకున్నారు. ఒక్కరూ అనలేదు. అననందుకు నా గొంతు వాళ్ళని ఏమీ అనలేదు. అదే నేనై ఉంటే ఆ గదిలో సుద్దముక్కలు లేచేవి. చక్కగా, మర్యాదగా, గెడ్డ, ఇప్పుడు మీరు అనండి, అంటూ ముందుకు వెళ్ళిపోయింది. కంప్యూటర్ అమ్మాయి బల్ల దగ్గర కూర్చుని రిజిస్టరు రాసుకుంటోంది. పక్కన చిన్న టిఫిన్ డబ్బా ఉంది, ప్లాస్టిక్‌ది. ఆమె కూడా ఆ స్టీలు క్యారేజీ వాడట్లేదని అప్పుడు తెలిసింది.

నిజం చెప్పాలంటే అప్పటికి నా కోపమంతా ఆ అమ్మాయి మీదే. రాత్రీ పగలూ మనసులో ఆమెని నిలబెట్టి కడిగేసేదాన్ని. నమ్మకద్రోహి అనేదాన్ని. తిన్నింటి వాసాలు లెక్కపెట్టింది అని చర్చిలో ఇద్దరు ముగ్గురితో అన్నాను కూడా. వాళ్ళు అయ్యో అన్నారు. అయ్యో అనిపించుకోవడం నాకు హాయిగా ఉండేది. నేను మోసపోయినదాన్ని, అంతే, ఇందులో నా వంతు ఏమీ లేదు అన్నట్టే తిరిగాను.

ఆ వానాకాలంలోనే ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మెట్ల మీద ఆ మామ్మ కనబడింది, చోడి అంబలి చెప్పిన ఆవిడ. పక్కన మనవరాలు. నేనే ఎదురెళ్ళి, బాగున్నారా మామ్మా అన్నాను. ఆవిడ నా బుగ్గలు పుణకలేదు. పిల్ల నా వంక చూడకుండా మామ్మ కొంగు వెనక్కి వెళ్ళింది.

“మా గుంట సెప్పిందమ్మా. తెలుగుకి టీచరక్కర్లేదని నువ్వే రాసిచ్చీసినావంట. పిల్లలందరికీ ఆ కంపూటరమ్మే సెప్పిందంట. నిజమేనా?”

నేను చెప్పడం మొదలుపెట్టాను. ఫారం గురించి, ఆదా కాలమ్ గురించి, మార్చి నెల గురించి, ఆ అమ్మాయికి నేను అన్నం పెట్టడం గురించి. నా మాట నాకే సాగతీసినట్టు వినబడుతోంది. మామ్మ కొంతసేపు విని చెయ్యి అడ్డం పెట్టింది.

“అయ్యన్నీ నాకు తెల్దమ్మా. సంతకం నీదా, కాదా?”

నాదే అన్నాను.

ఆవిడ తలూపింది. కోప్పడలేదు. కొంగు సర్దుకుని, మనవరాలి చెయ్యి పట్టుకుని, రెండు మెట్లు దిగి, మళ్ళీ వెనక్కి తిరిగింది.

“మరి నా సేత ఎందుకు మాటాడించినావు?”

పిల్ల హిందీలో ఏదో అంది, వెళ్దాం రా అని కాబోలు. ఇద్దరూ ఖుర్సీపార్ సందులోకి తిరిగిపోయారు. నేను ఇంటికొచ్చి, స్టూలు వేసుకుని, క్యారేజీని అటక ఎక్కించాను.